ఆర్కిటిక్ అన్వేషణలో ఇన్యూట్ దుబాసీలు

సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో ఎరెబస్, టెరర్ అనే రెండు బ్రిటిష్ నౌకలు 1845 మే 19న ఇంగ్లండ్ తీరాన్ని వీడాయి. అట్లాంటిక్ నుంచి కెనడా ఉత్తర దీవుల మధ్యగా పసిఫిక్‌కు చేరే వాయవ్య జలమార్గాన్ని కనుగొనడం వాటి లక్ష్యం. మార్గమధ్యంలో వెనక్కి పంపిన కొద్దిమందిని మినహాయిస్తే వాటిలో 129 మంది ఉన్నారు. ఆ ఏడాది జులై చివర బాఫిన్ అఖాతంలో తిమింగలాల వేట నౌకల వారికి కనిపించిన తరువాత ఐరోపావాసులెవరూ వారిని సజీవంగా చూడలేదు. చూసినవారు ఇన్యూట్ ప్రజలు. మంచులో నౌకలు చిక్కుకున్న సంగతి, నావికులు కాలినడకన దక్షిణానికి సాగిన సంగతి, ఆకలితో ఒక్కొక్కరుగా కూలిపోయిన సంగతి, చివరికి ఒక నౌక ఏ తీరం దగ్గర మునిగిందీ వారికి తెలుసు. ఆ సమాచారం ఇంగ్లిష్‌లోకి రావడానికి కొద్దిమంది దుబాసీలు కారణమయ్యారు. దాన్ని లోకం పూర్తిగా నమ్మడానికి మాత్రం నూట అరవై ఏళ్లు పట్టింది.

‘ఇన్యూట్’ అన్నది ఆ ప్రజలు తమను తాము పిలుచుకునే పేరు. వారి భాష ఇనుక్టిటుట్‌లో దానికి ‘మనుషులు’ అని అర్థం. ఒక్కరిని చెప్పాలంటే ‘ఇనుక్’ అనాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే ‘ఎస్కిమో’ ఇతరులు పెట్టిన పేరు. కెనడాలో దాన్ని అవమానకరంగా పరిగణిస్తారు. అలాగే ‘ఇగ్లూ’ అంటే మంచు ఇల్లు మాత్రమే కాదు, ఏ ఇల్లయినా ఇగ్లూయే. తెల్లవారిని వారు ‘కల్లునాత్’ అంటారు. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల గ్రంథాల్లో ఈ మాట కొబ్లూనా, కాడ్లూనా వంటి రకరకాల వర్ణక్రమాల్లో కనిపిస్తుంది.

తొలి పరిచయాలు

దుబాసీల చరిత్ర ఫ్రాంక్లిన్‌తో మొదలు కాలేదు. 1818లో జాన్ రాస్ నౌకల్లో జాన్ సాకియస్ అనే గ్రీన్‌లాండ్ యువకుడు ఉన్నాడు. వాయవ్య గ్రీన్‌లాండ్ తీరంలో అంతవరకు బయటి ప్రపంచానికి తెలియని ఒక ఇన్యూట్ సమూహం ఎదురైనప్పుడు ముందుగా వారితో మాట కలిపింది అతడే. వారి మాండలికం అతని మాండలికానికి దూరం. తనకు తెలిసిన ఒక్కో మాండలికాన్నీ ప్రయత్నించి, చివరికి ఇరువురికీ అర్థమయ్యే భాషను పట్టుకున్నాడు. ఆ సమావేశాన్ని అతడే చిత్రంగా గీశాడు. మరుసటి ఏడాదే ఎడిన్‌బరోలో మరణించాడు.

విలియం ఎడ్వర్డ్ ప్యారీ 1821 నుంచి 1823 వరకు రెండు శీతకాలాలు ఇన్యూట్ నివాసాల పక్కనే గడిపాడు. ఇలిగ్లియుక్ అనే మహిళ అతనికి తీరరేఖను పటంగా గీసి ఇచ్చింది. పడమరకు పోయే జలసంధి ఎక్కడ ఉందో అందులో చూపింది. ప్యారీ వెళ్లి చూస్తే జలసంధి అక్కడే ఉంది. దానికి అతడు పెట్టిన పేరు మాత్రం తన నౌకల పేరు: ఫ్యూరీ అండ్ హెక్లా. 1829 నుంచి నాలుగు శీతకాలాలు మంచులో చిక్కుకున్న జాన్ రాస్ అనుభవం మరింత ఆసక్తికరం. కాలు కోల్పోయిన ఒక ఇనుక్‌కు రాస్ నౌకలోని వడ్రంగి కొయ్యకాలు చేసి ఇచ్చాడు. అక్కడి నుంచి స్నేహం కుదిరింది, తాజా మాంసం, చేపలు, దారి వివరాలు అందాయి. రాస్ బృందంలో ఎక్కువమంది బతికి బయటపడటానికి ఆ ఆహారమే ప్రధాన కారణం.

అయినా బ్రిటిష్ నౌకాదళం ఆ పాఠాన్ని ఒంటపట్టించుకోలేదు. ఉన్ని దుస్తులు, డబ్బాల్లో నిల్వ చేసిన ఆహారం, మనుషులే లాగే బరువైన స్లెడ్జీలు దాని పద్ధతిగా కొనసాగాయి. ఇన్యూట్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. కారిబూ అనే ఉత్తరాది దుప్పి చర్మంతో రెండు పొరల దుస్తులు: లోపలి పొర బొచ్చు ఒంటికి తగిలేలా, బయటి పొర బొచ్చు వెలుపలికి వచ్చేలా కుడతారు. మెత్తని రాతిని తొలిచి చేసిన ప్రమిదలో సీల్ కొవ్వును నాచు వత్తితో వెలిగిస్తారు. వెలుగు, వేడి, వంట అన్నిటికీ ఆ ‘కుల్లిక్’ ఒక్కటే ఆధారం. పచ్చిగానో, సగం ఉడికించో తినే తాజా మాంసంలోని సి విటమిన్ వారిని స్కర్వీ నుంచి కాపాడేది. నావికులను శతాబ్దాలుగా చంపుతూ వచ్చిన వ్యాధి అది. కుట్టుపని తెలిసిన మహిళ లేనిదే ఏ వేటగాడూ చలికాలపు ప్రయాణానికి పూనుకునేవాడు కాదు. చిరిగిన కుట్టు ఒక్కటి చాలు, కాలో చెయ్యో పోవడానికి.

జాన్ రే తెచ్చిన వార్త

ఈ పద్ధతిని మనస్ఫూర్తిగా నేర్చుకున్న తొలి బ్రిటిష్ అన్వేషకుల్లో జాన్ రే ముఖ్యుడు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో 1813లో పుట్టి, హడ్సన్ బే కంపెనీలో వైద్యుడిగా చేరాడు. మంచుపై నడిచే చెప్పుల వాడకం క్రీ తెగవారి దగ్గర, మంచు ఇల్లు కట్టడం ఇన్యూట్ దగ్గర నేర్చాడు. 1846-47 శీతకాలాన్ని రిపల్స్ బే వద్ద రాతి ఇంట్లో వణుకుతూ గడిపాడు. 1853-54లో అదే చోట మంచు ఇళ్లలో అంతకన్నా సుఖంగా గడిపాడు. ఆ ప్రదేశాన్ని ఇప్పుడు నౌయాత్ అంటారు.

1854 ఏప్రిల్‌లో పెల్లీ బే ప్రాంతంలో ఎదురైన ఒక ఇనుక్ తలకు బంగారు జరీ పట్టీ చుట్టుకుని ఉన్నాడు. అది ఎక్కడిదని అడిగితే, పడమరన చాలా దూరంలో చనిపోయిన తెల్లవారి చోటి నుంచి వచ్చిందన్నాడు. ఆ వేసవిలోగా రే మరింత సమాచారం సేకరించాడు. సుమారు నలభై మంది తెల్లవారు పడవను లాగుతూ దక్షిణానికి వెళ్లడం కొన్ని కుటుంబాలు చూశాయి. తరువాత ముప్పై మంది దాకా శవాలు ప్రధాన భూభాగంలో, మరికొన్ని సమీప దీవిలో కనిపించాయి. శవాల స్థితిని, వంట పాత్రల్లో మిగిలినవాటిని బట్టి వారు చివరికి తోటివారి మాంసం తిన్నారని ఇన్యూట్ చెప్పారు. రే వెండి చెంచాలు, ఫోర్కులు, ఫ్రాంక్లిన్‌కు లభించిన గౌరవ పతకం కొనుగోలు చేశాడు. ఇవన్నీ స్వయంగా చూసినవారు కాక, వారి నుంచి విన్నవారు చెప్పిన సంగతులని కూడా దాచకుండా రాశాడు.

ఆ నివేదిక 1854 అక్టోబరులో లండన్ పత్రికల్లో వచ్చింది. దుమారం రేగింది. ఫ్రాంక్లిన్ భార్య లేడీ జేన్ దాన్ని అంగీకరించలేదు. చార్లెస్ డికెన్స్ తన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ పత్రికలో డిసెంబరులో దీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఆంగ్ల నావికులు ఎంత ఆకలితో ఉన్నా అటువంటి పనికి ఒడిగట్టరన్నది అతని వాదన. అంతటితో ఆగక, ఆ నావికులను ఇన్యూట్ వారే చంపి ఉండవచ్చునని కూడా సూచించాడు. భాషా దృష్టితో చూస్తే ఆ వ్యాసంలో అసలు ఆసక్తికరమైన భాగం దుబాసీపై దాడి. అనువాదకుడు ఎదుటివాడు వినాలనుకున్నదే చెబుతాడు, అతిశయోక్తులకు పోతాడు, కాబట్టి ఆ మాట సాక్ష్యంగా చెల్లదన్నది డికెన్స్ తర్కం.

ఆ దుబాసీ విలియం ఊలిగ్‌బక్. అతని తండ్రి ఊలిగ్‌బక్ 1825-27లో ఇదే ఫ్రాంక్లిన్ రెండో భూమార్గ యాత్రలో పనిచేసినవాడు. కుమారుడు చిన్ననాటి నుంచి కంపెనీ స్థావరాల్లో పెరిగి ఇంగ్లిష్, క్రీ భాషలు నేర్చాడు. అతని సామర్థ్యంపై తనకు సందేహం లేదని రే అదే పత్రికలో జవాబిచ్చాడు. ఫ్రాంక్లిన్ బృందం ఏమైందో తేల్చినందుకు ప్రకటించిన 10,000 పౌండ్ల బహుమతి రేకూ అతని బృందానికీ దక్కింది. అయితే సమకాలిక అన్వేషకుల్లో చాలామందికి లభించిన సర్ బిరుదు రేకు 1893లో మరణించేవరకూ రాలేదు.

1859లో లియోపోల్డ్ మెక్లింటాక్ బృందం కింగ్ విలియం దీవిపై ఒక కాగితం కనుగొంది. ఆ యాత్రలో దొరికిన ప్రధానమైన లిఖిత ఆధారం అదొక్కటే. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న మరణించాడని, 1848 ఏప్రిల్ 22న నౌకలను విడిచిపెట్టారని, 105 మంది క్రోజియర్, ఫిట్జ్‌జేమ్స్ నాయకత్వంలో దక్షిణానికి బయలుదేరుతున్నారని అందులో ఉంది. ఇన్యూట్ చెప్పిన కథ రూపురేఖలు దీనితో సరిపోయాయి. తెల్లవారు నడుస్తూ నడుస్తూనే పడిపోయి చనిపోయారని ఒక వృద్ధురాలు మెక్లింటాక్‌కు చెప్పింది.

హాల్, టూకూలిటో, ఈబియర్‌బింగ్

ఇంత జరిగిన తరువాత కూడా కొందరు బతికే ఉన్నారని నమ్మిన వ్యక్తి అమెరికాలోని సిన్సినాటిలో ఉన్నాడు. చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్ ముద్రలు చెక్కే వృత్తి చేసి, చిన్న పత్రికలు నడిపిన గృహస్థు. నౌకాయానం తెలియదు, మంచుదేశం చూడలేదు. డబ్బు అంతంత మాత్రం. 1860 మేలో న్యూలండన్ రేవు నుంచి జార్జ్ హెన్రీ అనే తిమింగలాల వేట నౌకలో బయలుదేరి బాఫిన్ దీవికి చేరాడు. వెంట తెచ్చుకున్న పడవ తుఫానులో పోవడంతో కింగ్ విలియం దీవికి వెళ్లే ఆశ ఆ యాత్రకు ముగిసింది. చేయగలిగింది ఒక్కటే: ఇన్యూట్ మధ్య నివసించడం.

ఆ నవంబరులో నౌక గదిలో రాసుకుంటున్న హాల్‌కు వెనక నుంచి మృదువైన గొంతుతో ఇంగ్లిష్‌లో శుభోదయం వినిపించింది. తిరిగి చూస్తే ఎదుట ఉన్నది ఇరవై రెండేళ్ల ఇన్యూట్ మహిళ టూకూలిటో. ఆమె, భర్త ఈబియర్‌బింగ్ 1853లో ఒక వర్తకునితో ఇంగ్లండ్ వెళ్లి దాదాపు రెండేళ్లు ఉన్నారు. విక్టోరియా రాణిని కలిశారు. టూకూలిటో అన్న ఈనూలూవాపిక్ కూడా 1839లోనే స్కాట్లండ్‌లోని అబర్డీన్ వెళ్లివచ్చాడు. కంబర్లాండ్ సౌండ్ అనే గొప్ప తిమింగలాల నెలవును స్కాటిష్ కెప్టెన్ విలియం పెన్నీకి చూపించాడు. అంటే హాల్ ‘కనుగొన్న’ ఈ దంపతులు అప్పటికే అతనికన్నా లోకం ఎక్కువ చూసినవారు. రాచభవనాన్ని వారు చూశారు, అతడు చూడలేదు.

వారి పేర్లు నేటి ప్రామాణిక లిపిలో తకులిత్తుక్, ఇపీర్విక్ అని రాస్తారు. తిమింగలాల నౌకల వారికి వారు హన్నా, జో. ఒక్కొక్కరికీ మూడేసి పేర్లు ఉండటం అప్పటి ఇన్యూట్ చరిత్రలో మామూలే. చరిత్రకారులకు అది తలనొప్పి. ఒకే మనిషి రెండు గ్రంథాల్లో ఇద్దరవుతాడు.

1861 జనవరి నుంచి హాల్ వారితో కలిసి మంచు ఇళ్లలో ఉన్నాడు, వారు తిన్నదే తిన్నాడు. మొదట కడుపులో తిప్పిన పచ్చి సీల్ మాంసం, నెత్తురు తరువాత ఇష్టమయ్యాయని నిజాయితీగా రాసుకున్నాడు. సీల్ శ్వాసరంధ్రం దగ్గర బల్లెం పట్టుకుని ఈబియర్‌బింగ్ గంటల తరబడి కదలకుండా కూర్చోవడం చూశాడు. వేట దొరకని రోజు ప్రమిద వెలగదు. ప్రమిద వెలగకపోతే తాగడానికి మంచు కరగదు. ఆకలికి ముందు దాహం వేధించే దేశం అది.

ఆ యాత్రలో అసలు విశేషం మరొకటి. మార్టిన్ ఫ్రోబిషర్ అనే ఆంగ్లేయుడు 1576, 1577, 1578ల్లో ఆ ప్రాంతానికి వచ్చాడు. బంగారమనుకుని వందల టన్నుల పనికిరాని రాయి తవ్వుకుపోయాడు. మొదటి యాత్రలో అతని మనుషులు ఐదుగురు తప్పిపోయారు. హాల్‌కు ఇన్యూట్ వృద్ధులు చెప్పిన కథలో తెల్లవారు మొదటి ఏడు కొద్ది నౌకలతో, మరుసటి ఏడు మూడింటితో, ఆ తరువాత చాలా నౌకలతో వచ్చారు; ఐదుగురు అక్కడే ఉండిపోయి, పడవ కట్టుకున్నారు, చివరికి చలికి చనిపోయారు. ఫ్రోబిషర్ రెండోసారి మూడు, మూడోసారి పదిహేను నౌకలతో వచ్చాడు. తెల్లవారి దీవి అని అర్థమిచ్చే పేరుతో పిలిచే చిన్న దీవిపై హాల్‌కు తవ్విన కందకం, బొగ్గు, ఇటుక ముక్కలు దొరికాయి. రాత లేని సమాజం దాదాపు మూడు వందల ఏళ్లు ఒక సంఘటనను అంకెలతో సహా నిలుపుకుంది. ఫ్రోబిషర్ జలసంధి అని పటాల్లో ఉన్నది నిజానికి అఖాతమని కూడా ఈ యాత్రలోనే తేలింది; ఇన్యూట్‌కు ఆ సంగతి కొత్త కాదు.

మూడు శతాబ్దాల నాటి మాట చెక్కుచెదరకుండా ఉంటే, పదిహేనేళ్ల నాటి ఫ్రాంక్లిన్ సంగతి ఎంత స్పష్టంగా ఉండాలి? అడిగేవాడు వెళ్లి అడగాలి, అంతే. హాల్ జీవితంలోని మిగతా భాగమంతా ఈ ఒక్క తర్కంపై నడిచింది.

మధ్యలో అమెరికాలో గడిపిన కాలం చేదుగా సాగింది. 1862లో ఆ దంపతులు పసికందుతో హాల్ వెంట వచ్చారు. యాత్రకు నిధుల కోసం న్యూయార్క్‌లో బార్నమ్ ప్రదర్శనశాలలో వారిని జనం ముందు నిలబెట్టారు. చర్మపు దుస్తుల్లో, వేడి గదుల్లో, కుక్కలతో సహా. తరువాత హాల్ ఉపన్యాస సభలు. ‘సీతాకోకచిలుక’ అని అర్థమిచ్చే పేరున్న ఆ బిడ్డ 1863 ఆరంభంలో న్యూయార్క్‌లో జబ్బుచేసి చనిపోయాడు. హాల్ ప్రసిద్ధ గ్రంథం ఆ తరువాతి ఏడాది వెలువడింది.

ప్రశ్నలు, జవాబులు

1864లో ముగ్గురూ మళ్లీ ఉత్తరానికి వెళ్లి 1869 వరకు ఉన్నారు. రిపల్స్ బే వారి ప్రధాన స్థావరం. అక్కడ పుట్టిన రెండో బిడ్డ కూడా 1866లో మరణించాడు. తరువాత పానిక్ అనే చిన్నారిని దత్తత తీసుకున్నారు. ఈ ఐదేళ్లలో హాల్ నోటుపుస్తకాల్లోకి చేరిన వాఙ్మూలాలే నేటికీ ఫ్రాంక్లిన్ పరిశోధనకు మూలాధారం. వాటిలో ప్రతి వాక్యమూ ముందు టూకూలిటో చెవిన పడి, ఆమె నోట ఇంగ్లిష్‌గా మారి, ఆ తరువాతే కాగితం మీదికి వెళ్లింది.

అది సులువైన పని కాదు. రిపల్స్ బే ప్రాంతపు, దానికి పడమరన ఉన్న నెట్సిలిక్ ప్రాంతపు మాండలికాలు ఆమె పుట్టిన కంబర్లాండ్ సౌండ్ మాండలికం వంటివి కావు. ఇనుక్టిటుట్ పదానికి ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేరే భాష. తెలుగువారికి ‘రాలేకపోయారేమో’ వంటి క్రియలో కాలం, సామర్థ్యం, వ్యతిరేకం, సందేహం ఒకే మాటలో ఇమడటం తెలుసు. ఇనుక్టిటుట్ ఇంకా ముందుకు వెళ్లి కర్మను, ఒక్కోసారి పూర్తి వాక్యాన్నీ ఒకే పదంలో ఇముడ్చుతుంది. సంప్రదాయ లెక్కింపు చేతివేళ్లు, కాలివేళ్లతో ఇరవై దాకా సాగుతుంది. పెద్ద అంకెల్ని ఇంగ్లిష్‌లోకి తేవడమంటే ఎంతో కొంత ఊహించడమే.

అన్నిటికన్నా చిక్కు తెచ్చినది ఒక పేరు. చనిపోయిన తెల్లవారి నాయకుణ్ణి సాక్షులు ‘అగ్లూకా’ అన్నారు. పొడవైన అంగలు వేసేవాడని ఆ పేరుకు చెప్పే అర్థం. 1820ల్లో ప్యారీ యాత్రలో కుర్రవాడిగా ఉన్న క్రోజియర్‌కు ఇగ్లూలిక్ వారు ఆ పేరు పెట్టారు. అందువల్ల అగ్లూకా అని వినిపించిన ప్రతిచోటా హాల్ క్రోజియర్‌నే చూశాడు. కానీ జేమ్స్ క్లార్క్ రాస్, జాన్ రేలను కూడా ఇన్యూట్ అదే పేరుతో పిలిచారు. దాంతో క్రోజియర్, మరి కొందరు ఒక ఇనుక్ ఆశ్రయంలో బతికారన్న కథ హాల్‌కు ప్రాణాధారమైంది. ఆ కథలో ఏ పాలు ఎవరిదో విడదీయడం నేటికీ పండితులకు సాధ్యం కాలేదు. తప్పు అనువాదంలో లేదు. వినేవాడి ఆశలో ఉంది.

1869 మేలో హాల్ కింగ్ విలియం దీవిపై కాలుపెట్టి కొద్ది రోజులు మాత్రమే ఉండగలిగాడు. అక్కడ విన్నది అతని ఆశను పగలగొట్టింది. టీకీటా, ఔవెర్ అనే ఇద్దరు స్వయంగా చూసిన సాక్షులు. దీవి నైరుతి తీరంలో నాలుగు కుటుంబాలకు స్లెడ్జిపై పడవ లాగుతున్న తెల్లవారు ఎదురయ్యారు. అగ్లూకా చేయి నోటికి చూపి సీల్ మాంసం అడిగాడు. ఇన్యూట్ కొంత ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే తమ సామాను సర్దుకుని వెళ్లిపోయారు, వెనక్కి పిలుస్తున్నా ఆగలేదు.

హాల్ దీన్ని క్షమించలేకపోయాడు. ఆకలితో ఉన్నవారిని విడిచి వెళ్లారని అతని ఆగ్రహం. వారి మధ్య తొమ్మిదేళ్లు అటూఇటుగా బతికిన మనిషి కూడా లెక్క వేయలేకపోవడం ఆశ్చర్యమే. నాలుగు కుటుంబాల వేటగాళ్లు సీల్ రంధ్రాల దగ్గర పట్టగలిగిన మాంసం వారి పిల్లలకే చాలీచాలనిది. నలభై మంది పెద్దలను కొన్ని రోజులు పోషించడం కూడా అసాధ్యం. అక్కడే ఆగితే రెండు పక్షాలూ చచ్చేవి. నోటుపుస్తకంలోకి ఆ సాక్ష్యాన్ని దాచకుండా చేర్చిన టూకూలిటో దాని గురించి ఏమనుకుందో ఎక్కడా నమోదు కాలేదు.

మంచు ఫలకంపై ఆరు నెలలు

హాల్ మూడో యాత్ర ఉత్తర ధ్రువానికి. అమెరికా కాంగ్రెస్ 50,000 డాలర్లు మంజూరు చేసింది. పోలారిస్ అనే నౌక 1871లో 82 డిగ్రీల 11 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లింది. ఆ నవంబరు 8న హాల్ మరణించాడు. కాఫీ తాగాక జబ్బుపడి, తనపై విషప్రయోగం జరిగిందని మంచంపై పదేపదే ఆరోపించాడు. పక్షవాతం వంటి సహజ కారణమని అధికారిక విచారణ తేల్చింది. చరిత్రకారుడు చాన్సీ లూమిస్ 1968లో గ్రీన్‌లాండ్‌లోని సమాధిని తెరిపించి పరీక్షలు చేయించగా, చివరి రెండు వారాల్లో హాల్ శరీరంలోకి ఆర్సెనిక్ పెద్దమొత్తంలో చేరినట్లు తేలింది. అప్పట్లో అనేక మందుల్లో కూడా ఆర్సెనిక్ ఉండేది కనుక, ఎవరైనా ఇచ్చారా అన్నది తెగని ప్రశ్న.

1872 అక్టోబరు 15 రాత్రి తుఫానులో నౌక నుంచి సామాను మంచుపైకి దించుతుండగా ఫలకం పగిలి పందొమ్మిది మంది విడిపోయారు. జార్జ్ టైసన్, మరో తొమ్మిది మంది సిబ్బంది, టూకూలిటో, ఈబియర్‌బింగ్, పానిక్, గ్రీన్‌లాండ్ వేటగాడు హాన్స్ హెండ్రిక్, అతని భార్య, నలుగురు పిల్లలు. చివరి బిడ్డ ఆ ఆగస్టులోనే నౌకపై పుట్టినవాడు. అంటే ఐదుగురు చిన్నపిల్లలు. కరిగి కుంచించుకుపోతున్న మంచుపై వారు దక్షిణానికి సుమారు 2,900 కిలోమీటర్లు కొట్టుకుపోయారు. మంచు ఇళ్లు కట్టింది ఈబియర్‌బింగ్. ధ్రువరాత్రి చీకట్లో సీళ్లను వేటాడింది అతడు, హాన్స్. దుస్తులు కుట్టి సరిచేసింది టూకూలిటో. తుపాకులు పట్టుకున్న నావికులు ఆకలి ముదిరితే ముందు తమనే చంపి తింటారేమోనని ఆ దంపతులు భయపడినట్లు టైసన్ దినచర్యలో రాశాడు. పద్దెనిమిదేళ్ల కిందట డికెన్స్ ఎవరిపై అనుమానం మోపాడో గుర్తుంటే, ఆ భయానికి ఇంకో వ్యాఖ్యానం అక్కర్లేదు.

1873 ఏప్రిల్ 30న లాబ్రడార్ తీరం దగ్గర టైగ్రెస్ అనే నౌక వారిని కాపాడింది. ఒక్కరూ చనిపోలేదు.

పానిక్ 1875లో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రోటన్‌లో తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసింది. టూకూలిటో 1876 డిసెంబరు 31న, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో అక్కడే మరణించింది. ఈబియర్‌బింగ్ 1878లో లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ ష్వాట్కా బృందంతో చివరిసారి ఉత్తరానికి వెళ్లాడు. ఇన్యూట్ తిండి, ఇన్యూట్ దుస్తులు, కుక్కల స్లెడ్జీలతో ఆ బృందం ఏడాదికి కొద్దిగా తక్కువ కాలంలో 3,251 మైళ్లు తిరిగింది. పని ముగిశాక అతడు అమెరికాకు రాలేదు.

హాన్స్ హెండ్రిక్ కథ వేరు. గ్రీన్‌లాండ్‌లో మతప్రచారకుల వల్ల అక్షరాస్యత ముందే వచ్చింది. నాలుగు యాత్రల్లో పనిచేసిన అతడు తన భాషలో స్వీయచరిత్ర రాశాడు. హెన్రిక్ రింక్ చేసిన ఆంగ్లానువాదం 1878లో వెలువడింది. తెల్లవారి గ్రంథాల్లో అక్కడక్కడ కనిపించే వేటగాడు ఇక్కడ వారిని తానే వర్ణిస్తాడు. బాఫిన్ దీవి ఇన్యూట్‌కు లిపి కొంత ఆలస్యంగా అందింది. మతబోధకుడు జేమ్స్ ఎవాన్స్ 1840లో క్రీ భాషకు కూర్చిన అక్షరమాలను తరువాత ఇనుక్టిటుట్‌కు మలిచారు. ఒకే గుర్తును తిప్పి వేర్వేరు అచ్చులను సూచించే ఆ లిపికి దేవనాగరి, సంక్షిప్తలేఖనం ప్రేరణ అని కొందరు పండితుల అభిప్రాయం. నేటి నునవుత్ ప్రాంతంలో వీధి పలకలపై కనిపించేది ఆ లిపే.

జర్మన్ యువకుడు ఫ్రాంజ్ బోయాస్ 1883-84లో కంబర్లాండ్ సౌండ్‌లో గడిపిన ఏడాది ఈ పరంపరలో మరో మలుపు. భూగోళ శాస్త్రవేత్తగా వెళ్లినవాడు మానవశాస్త్రవేత్తగా తిరిగి వచ్చాడు. ఒకే ఇన్యూట్ పదాన్ని తాను వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా రాసుకున్నట్లు గమనించి, 1889లో ఒక చిన్న వ్యాసంలో కారణం చెప్పాడు: ఆ భాషలో ధ్వనులు నిలకడ లేనివి కావు, వినేవాడి చెవి సొంత భాషకు అలవాటుపడింది. టూకూలిటో, తకులిత్తుక్ ఒకరే ఎలా అయ్యారో ఆ వ్యాసంతో తేలికగా అర్థమవుతుంది. మంచుకు ఇన్యూట్ భాషలో వందల మాటలున్నాయన్న ప్రచారం కూడా బోయాస్ పేరుతోనే మొదలైంది. అయితే 1911లో అతడు ఉదాహరించినవి నాలుగే.

ఆలస్యంగా వచ్చిన రుజువులు

కింగ్ విలియం దీవి పశ్చిమ తీరంలో 1990ల ఆరంభంలో దొరికిన ఎముకలపై లోహపు కత్తి గాట్లు ఉన్నట్లు 1997లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. రే తెచ్చిన వార్త నిజమని దానితో స్థిరపడింది. 2024లో ఆ ఎముకల్లో ఒక దవడను జన్యుపరీక్షతో కెప్టెన్ ఫిట్జ్‌జేమ్స్‌దిగా గుర్తించారు. దానిపైనా గాట్లు ఉన్నాయి.

ఒక నౌక దక్షిణాన ‘ఉట్జులిక్’ ప్రాంతంలో మునిగిందని హాల్‌కు, ష్వాట్కాకు సాక్షులు చెప్పారు. గడ్డపు సీళ్లు దొరికే చోటని ఆ మాటకు అర్థం. నౌకలోపల పెద్ద దేహంతో ఒక తెల్లవాడి శవం ఉందని కూడా చెప్పారు. 2014 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ పురావస్తు బృందం ఎరెబస్‌ను ఆ ప్రాంతంలోనే, పదకొండు మీటర్ల లోతులో కనుగొంది. రెండేళ్లకు టెరర్ దొరికింది. సముద్రపు మంచులోంచి కర్ర స్తంభం పొడుచుకు వచ్చి ఉండటం ఏళ్ల కిందట తాను చూశానని యోవా హేవెన్ వాసి, ఇనుక్ అయిన సామీ కోగ్విక్ చెప్పిన మాటపై నౌక దారి మళ్లించి వెతికితే, టెరర్ బే అని ఎప్పటినుంచో పేరున్న చోటే అది నిలువునా మునిగి ఉంది. బ్రిటన్ 2018లో ఆ శిథిలాలను కెనడాకు అప్పగించింది. వెలికితీస్తున్న వస్తువులపై ఇన్యూట్‌కు ఉమ్మడి యాజమాన్యం ఉంది.

హాల్ మరణానంతరం అతని కాగితాలను అమెరికా ప్రభుత్వం కొనుగోలు చేసింది. వాటి ఆధారంగా రెండో యాత్ర వృత్తాంతం 1879లో గ్రంథంగా వచ్చింది. అసలు నోటుపుస్తకాలు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ దగ్గర ఉన్నాయి. అచ్చులోకి ఎక్కని వాఙ్మూలాలను డేవిడ్ వుడ్‌మన్ వంటి పరిశోధకులు 1990ల నుంచి తిరిగి చదువుతూ వస్తున్నారు. పెన్సిలు రాతల్లోని ఆ ఇంగ్లిష్ హాల్‌ది. వాక్యాలు టూకూలిటోవి.